హాజరు పడని చేప

నెమలికంఠం రంగు చీర మీదికి జాకెట్టు గుడ్డ తెమ్మంటే మావారు సిరా నీలం తెచ్చారు.

"నీలమన్నావు, నీలమే తెచ్చాను," అన్నారాయన సంచీ కుర్చీలో పడేస్తూ.

"నేను నీలమనలేదు, నెమలికంఠమన్నాను. చీర అంచులోంచి పోగు తీసి జేబులో పెట్టి మరీ పంపాను."

"పోగు బస్సులో ఎగిరిపోయింది. కొట్టువాడు కూడా దీన్ని నీలమనే అన్నాడు."

"వాడికైతే సరుకు అమ్ముడుపోవాలి. మీకేమైంది?"

మా అత్తయ్య వాలుకుర్చీలోంచి తల ఎత్తింది. "ఏటే ఆ గోల? నీలానికి నీలం. పైట కప్పీసుకుంటే ఎవుడు సూస్తాడు?"

"నేను చూస్తానత్తయ్యా."

"అయితే అద్దం ముందు నిలబడి నీకు నువ్వే తప్పులు దిద్దుకో. మా పేణాలు తియ్యకు."

తప్పులు దిద్దడం నాకు అలవాటే. జంతుశాస్త్రం ప్రధానాంశంగా బి.ఎస్సీ. చదివాను. పప్పులో తిరిగే పురుగు ఏ గణానికి చెందిందో చెప్పడానికి తప్ప ఆ చదువు ఇంతవరకూ దేనికీ అక్కరకు రాలేదు. కాబట్టి మిగిలిన చదువంతా చుట్టుపక్కల వాళ్ళ మీద ఖర్చు పెడుతుంటాను. శుభలేఖ వస్తే ముందు అచ్చుతప్పులు చూస్తాను, ముహూర్తం తర్వాత. మా అమ్మాయి హిమజ పరీక్ష పేపర్లు టీచరు దిద్దాక నేను మళ్ళీ దిద్దుతాను. టీచరు మీద ఫిర్యాదు చేశానని హిమజ ఒకసారి వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉందని మావారు ఇప్పటికీ అంటుంటారు.

ఆ రోజు జాకెట్టు గుడ్డ తగువు ఇంకా తేలకుండానే ఫోను మోగింది. బీచ్ రోడ్డులోని చేపల ప్రదర్శనశాల నుంచి. అంతకుముందే నేను వాళ్ళకో ఫిర్యాదు రాసి ఉన్నాను. అక్కడో పెద్ద తొట్టిలో ఏంజెల్ ఫిష్ పిల్ల ఒకటుంది. నల్లటి నీలం మీద తెల్లటి వలయాలు. తొట్టి పక్కన పెట్టిన బోర్డు మీద మాత్రం పసుపు చారలున్న చేప బొమ్మ. బోర్డు మీది పేరు, అది బతికే సముద్రాల వివరం సరిగ్గానే ఉన్నాయి, బొమ్మ మాత్రం వేరే చేపదనీ, వలయాలకీ చారలకీ తేడా తెలియనివాళ్ళు పిల్లలకేం నేర్పుతారనీ నిలదీస్తూ రాశాను.

"మీ ఫిర్యాదు పరిశీలించబడినది మేడమ్. మిమ్మల్ని పౌర నిపుణురాలిగా నియమించడమైనది," అంది ఫోనులోని గొంతు.

ఫోను పెట్టేసి ఇంట్లో అందరి వైపూ చూశాను. జాకెట్టు గుడ్డ విషయంలో ఇక నాతో వాదించేవాళ్ళెవరూ లేరు.

* * *

ప్రదర్శనశాల ప్రత్యేకాధికారి త్రినాథమూర్తి గారు మాటలు కూడా టైపు కొట్టించి తెచ్చుకున్నట్టు మాట్లాడతారు.

"మేడమ్, చనిపోయిన చేపల పేరిట మేత డ్రా చేయబడుచున్నట్లు తనిఖీలో వెల్లడైనది. కావున ప్రభుత్వ మేత పొందు ప్రతి జీవియూ ఉదయం పది గంటలకు కెమెరా ముందు ముఖ హాజరు నమోదు చేయించుకొనవలెను. హాజరు పడినచోనే మేత డబ్బా తాళము తెరుచుకొనును. చిట్టచివరి లబ్ధిదారు వరకూ పారదర్శకత చేరవలెనన్నదే మా సంకల్పం."

"లబ్ధిదారంటే?"

"చేప, మేడమ్."

నవ్వాల్సిన చోటే అది. కానీ ఆయన నా ముందు పెట్టిన ఉత్తర్వులో నా పేరుకి ముందు 'పౌర నిపుణురాలు' అని ఉంది. పెళ్ళయిన నాడు 'శ్రీమతి' తగిలించిన తర్వాత నా పేరు ముందు ఎవరూ ఏదీ చేర్చలేదు. అందుకని నవ్వకుండా, సంకల్పం చాలా గొప్పదన్నాను.

నా పని ఒక్కో చేపకీ గుర్తింపు చిహ్నాలు చెప్పడం. టెన్త్ సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాస్తారు చూడండి, అలాగ. తొట్లు కడిగే పైడిరాజు చేపను అద్దం దగ్గరికి అదిలించేవాడు, నేను చెప్పేదాన్ని, గుమాస్తా యాప్‌లో ఎక్కించేవాడు. నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న క్లౌన్ ఫిష్ చప్పున అయిపోయింది. తర్వాత వలయాల చేప వచ్చింది.

"నీలం చేప అని రాసుకో," అన్నారు త్రినాథమూర్తి గారు.

"అలా ఎలా రాస్తారండీ?" అన్నాను. ఇంట్లో చెల్లని మాట ఇక్కడ చెల్లుతుందని నాకు తెలిసిపోయింది. "రాసుకోండి. ఒళ్ళు సిరా నీలం. తోక మొదట్లో చిన్న తెల్లటి సున్నా. దాని చుట్టూ పెద్ద సున్నా, దాని చుట్టూ ఇంకా పెద్దది. చెరువులో రాయి పడితే అలలు లేచినట్టు. మొహం దగ్గరికొచ్చేసరికి సున్నాలు విల్లులా వంగుతాయి. మధ్యమధ్య ఆకాశనీలం గీతలు."

"మా పిన్నమ్మ ఏసిన ముగ్గునాగే ఉన్నాదమ్మా," అన్నాడు పైడిరాజు.

"ఇవి ఎన్నటికీ మార్పు చెందని చిహ్నములని ధ్రువీకరించుచున్నారా?" అడిగారు అధికారి.

"ధ్రువీకరిస్తున్నాను."

"మరి పాత బోర్డు మీద బొమ్మ?"

"అది పసుపు చారలది. వేరే జాతి. తీయించెయ్యండి."

తీయించేశారు. ఇక స్వస్థలం.

"ఎర్రసముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం, అక్కణ్ణుంచి మాల్దీవులు, లక్షదీవులు, అండమాన్, ఇండోనేషియా, ఆస్ట్రేలియా పగడపు దిబ్బలు, పైన జపాన్ దక్షిణం దాకా, తూర్పున పసిఫిక్ దీవులు," అన్నాను ఊపిరి తిప్పుకోకుండా.

"ఇన్ని చోట్ల కాపురమేమిటి మేడమ్? రెండు చోట్ల రేషనుంటేనే రద్దు చేయుచున్నాం."

"ఒక్క చేపే ఇన్ని చోట్ల ఉండదండీ. ఏ చేప ఆ చేప తన దిబ్బ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఆ జాతి మొత్తంగా అంత దూరం పరుచుకుని ఉంటుంది."

"జాతి కాలమ్ తరువాత వచ్చును. మండలం చెప్పండి."

యాప్‌లోని మండలాల జాబితాలో హిందూ మహాసముద్రం లేదు. గుమాస్తా పైకీ కిందకీ వెతికి 'ఇతరములు' నొక్కాడు. ఆఫ్రికా నుంచి పసిఫిక్ దాకా ఉన్న నీళ్ళన్నీ ఒక్క వేలి దెబ్బకి ఇతరములైపోయాయి.

మరుసటి నెలలో ఆ తొట్టి పక్కన స్టీలు పలక వెలిసింది. పైన చేప వర్ణన మొత్తం నా మాటల్లోనే ఉంది. కింద 'వివరణ: శ్రీమతి ఇందుమతి, బి.ఎస్సీ., పౌర నిపుణురాలు.' అచ్చుతప్పు ఒక్కటీ లేదు, నాలుగుసార్లు చదివాను. అప్పటి నుంచి మా ఇంటికి ఏ చుట్టాలొచ్చినా సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళి, ఎండ ఎక్కువగా ఉందంటూ ప్రదర్శనశాలలోకి తోలేదాన్ని. మా ఆడపడుచు మూడుసార్లు వచ్చి సముద్రం చూడకుండానే వెళ్ళిపోయింది.

* * *

చేప పెరిగింది. ఏడాది తిరిగి మళ్ళీ వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం పైడిరాజు ఫోను చేశాడు.

"అమ్మా, మీ సేపకి హాజరు పడ్డం లేదమ్మా. ముఖం సరిపోలలేదంటంది. డబ్బా తెరుసుకోడం లేదు."

వెళ్ళి చూశాను. చేప అరచేతిని మించిపోయింది. సున్నాలు ఎక్కడికక్కడ తెగి గీతలైపోతున్నాయి. ఒంటి వెనకభాగంలో మెంతిరంగు పసుపు చారలు, వాటి మధ్య నీలం. తోక పసుపు. తల దగ్గర ఇంకా ఒకటి రెండు వలయాల ముక్కలు, విప్పేసిన అల్లికలో మిగిలిన పోగుల్లాగ.

నేను కాసేపు చేపను చూశాను, కాసేపు పలకను చూశాను.

"ఏదో తెగులు," అన్నాను పైడిరాజుతో. నిపుణులు అలాగే అంటారు.

ఇంటికొచ్చాక హిమజ ఫోనులో ఏదో వెతికి నా మొహం ముందు పెట్టింది. "అమ్మా, తెగులూ లేదు, ఏమీ లేదు. ఇది చిన్నప్పుడు వలయాలతో ఉంటుందంట, పెద్దయ్యాక చారలొస్తాయంట. రెండూ ఒకే చేప. పూర్వం పెద్దపెద్ద శాస్త్రవేత్తలు కూడా వేర్వేరు జాతులనుకుని రెండు పేర్లు పెట్టారంట."

"చూశావా, శాస్త్రవేత్తలే పొరబడ్డారు," అన్నాను.

"రెండొందల ఏళ్ళ కిందట అమ్మా. నీకు కాలేజీలో చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. బహుశా అది నేను ఛాయిస్‌లో వదిలేసిన పాఠం. ఆ మాట హిమజతో అనలేదు. ఈ ఏడు పెద్ద పరీక్షలు రాయాల్సిన పిల్లకి ఛాయిస్‌లో వదిలేసే అలవాటు నేర్పకూడదు.

అంటే పాత బోర్డు మీది బొమ్మ సరైనదే. ఆ చేప పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఎవరో బుద్ధిమంతుడు ముందే వేయించి పెట్టాడు. ఉన్న ఒక్క నిజాన్నీ నేనే ఫిర్యాదు చేసి పీకించాను.

* * *

త్రినాథమూర్తి గారు విచారణ పెట్టారు. తొట్టి ముందు కుర్చీలు వేశారు, బిస్కట్లు తెప్పించారు. ఆకలితో ఉన్నది లోపల చేప ఒక్కటే.

"నమోదిత లబ్ధిదారు గైర్హాజరు. దాని స్థానంలో అనుమతి లేని వ్యక్తి నివాసముంటున్నాడు. ఇది ఆక్రమణ. పైడిరాజూ, నీలం లబ్ధిదారు ఎక్కడ?"

"ఇదే సార్. మూత ఎవులూ తియ్యలేదు సార్."

"ఇది పసుపు కదయ్యా!"

"పెద్దదైపోనాది సార్."

"పెద్దయితే చారలొస్తాయా? నువ్వూ పెద్దయ్యావు, నీకొచ్చాయా?"

"పిక్కల మీదొచ్చాయి సార్, నరాలుబ్బిపోయి, నీలంవి. ఆపరేసన్ సేయించుకోమంటన్నారు."

అధికారి నావైపు తిరిగారు. "నిపుణుల అభిప్రాయం?"

నా పక్కనే స్టీలు పలక మెరుస్తోంది. అందులో నా మొహం కూడా కొంచెం కనిపిస్తోంది. "సమగ్ర పరిశీలన అవసరం," అన్నాను. ఆ సంస్థలో నేనూ ఒక భాగమైపోయానని ఆ క్షణంలో తెలిసింది.

సమగ్ర పరిశీలన మొదలైంది. మరో అవకాశమిద్దామని చేపని కెమెరా ముందుకి రప్పించారు. పెద్దయిన ఈ చేపకి రెండు కళ్ళ మీదుగా నల్లటి పట్టీ ఉంటుంది, అంచున సన్నటి నీలం గీతతో. యాప్ వెంటనే 'ముఖముపై ముసుగు తొలగించవలెను' అంది. తొలగించలేదు. పైడిరాజుకి ఒక ఆలోచన తట్టి, చిన్నప్పటి ఫొటో అట్టముక్క మీద అతికించి కెమెరా ముందు పెట్టాడు. ముఖం సరిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు యాప్ 'బతికియున్నట్లు ధ్రువీకరణకై కళ్ళు ఆర్పవలెను' అంది. ఫొటో ఆర్పలేదు. అసలు చేపను పెట్టినా లాభం లేదు, చేపలకి రెప్పలుండవు. ఇన్నాళ్ళూ ఎలా పడిందని అడిగితే, ఒకసారి ముఖం సరిపోలనివాళ్ళకే ఈ పరీక్ష అన్నారు.

"సార్," అన్నాను నెమ్మదిగా, "మీ మెడలో కార్డు మీద ఫొటోలో నిండా జుట్టుంది. ఇప్పుడు..."

త్రినాథమూర్తి గారు తల తడుముకున్నారు. "నా మార్పు క్రమబద్ధమైనది మేడమ్. సర్వీసు రిజిస్టరులో ఉన్నది."

సాయంత్రానికి అద్దం మీద నోటీసు అంటించారు: 'ఈ తొట్టియందు అనధికారికముగా నివసించుచున్న వ్యక్తి తక్షణమే ఖాళీ చేయవలెను.' చేప చదువుకోవడానికి వీలుగా అక్షరాలు లోపలివైపు తిప్పి అంటించారు. బయట నిలబడ్డవాళ్ళకి ఏమీ కనబడదు. మూతకి సీలు వేశారు.

* * *

చేప రాళ్ళ మీది నాచు గీక్కుని తినడం మొదలుపెట్టింది. నాచు అయిపోతోంది. పొట్ట లోపలికి పోయింది. కొత్తగా వచ్చిన పసుపు, ఉతుకులు తిన్న చీరలా వెలవెలబోతోంది.

ఇంట్లో పాలకూర ఉడకబెట్టి డబ్బాలో పట్టుకెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"బయట తిండి లోపలికి తేకూడదమ్మా. బోర్డుంది సూడండి."

"నాక్కాదయ్యా, చేపకి."

"ఎవులికైనా ఒకటే రూలమ్మా."

ఆ డబ్బా పట్టుకునే అధికారి గదిలోకి వెళ్ళాను. నా పరువూ చేప ప్రాణమూ రెండూ నిలబడే ఉపాయం ఒకటి దారిలో ఆలోచించి పెట్టుకున్నాను.

"సార్, వలయాల చేప ఏమైందో మనకి తెలియదు. అది పక్కన పెడదాం. ఈ చారల చేపని కొత్త లబ్ధిదారుగా నమోదు చేద్దాం. వర్ణన నేను రాస్తాను. పక్కన ఇంకో పలక వేయించవచ్చు."

ఆఖరి మాట అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది.

ఆయన కళ్ళు మెరిశాయి. గుమాస్తాని పిలిచి ఏవో నిబంధనలు తిరగేయించారు. మెరుపు ఆరిపోయింది. "ఒక తొట్టికి ఒకే లబ్ధిదారు. పాత లబ్ధిదారు పేరు కొట్టివేసిన పిమ్మటే కొత్త నమోదు. కొట్టివేయుటకు మరణించినచో కళేబరము, వలస పోయినచో ప్రయాణపు టికెట్టు జతపరచవలెను."

"రెండూ లేవండీ."

"అప్పుడు మిగిలినది ఒక్కటే మార్గం. చిహ్నములు మార్పు చెందవని ధ్రువీకరించినవారే, ఆనాడు తమకు ఈ విషయము తెలియదని స్వదస్తూరీతో మూడు ప్రతులు వ్రాసి, తొట్టి ఎదుట సిబ్బంది సమక్షంలో చదివి వినిపించవలెను. అప్పుడు పాత చేపయు కొత్త చేపయు ఒకటేనని నమోదు సవరించబడును. ముసుగు, కళ్ళు ఆర్పుట విషయములలో మినహాయింపు లభించును. పలక తొలగించబడును. పాత బోర్డు తిరిగి స్థాపించబడును."

ఇంతటి న్యాయమైన నిబంధన ఆ ఆఫీసులో ఒకటుంటుందని నేను ఊహించలేదు. అది నామీదికే వస్తుందని అసలు ఊహించలేదు.

"ఆలోచించుకుంటాను," అన్నాను.

మర్నాడు పది గంటలకి, ఎందుకో తెలియకుండానే, తొట్టి ముందుకి వెళ్ళి నిలబడ్డాను. చేప రాళ్ళ చాటు నుంచి నెమ్మదిగా వచ్చింది. నోటీసు పక్కనుంచి ఈదుకుంటూ కెమెరా ముందుకొచ్చి, ఏడాదిగా అలవాటైన చోట పక్కకి తిరిగి నిలబడింది. ముఖం సరిపోలలేదని యాప్ అంది. చేప కదల్లేదు. డబ్బా మూత వైపు చూస్తూ రెక్కలాడిస్తూ అక్కడే నిలబడింది. క్రమశిక్షణలో దానికి వంక పెట్టడానికేమీ లేదు. వంకలు పెట్టడంలో ఆరితేరిన నాకే దొరకలేదు.

"రోజూ ఇలాగే వస్తంది తల్లీ," అన్నాడు పైడిరాజు. "నిన్నటి దాకా గబగబా వొచ్చీసేది."

* * *

ఆ రోజు ఆదివారం కాకపోయినా మావారు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నారు. మధ్యాహ్నం వంజరం చేప పులుసు పెట్టాను. అందరం కూర్చున్నాం. నేను ముక్క వేసుకుని దాన్ని చూస్తూ ఉండిపోయాను.

"ఏటే అలా సూస్తన్నావు?" అంది అత్తయ్య. "దీనికి హాజరు పడ్డాదో లేదోననా? పడ్డాదిలే. కంచంలోకి వొచ్చీసింది కదా."

హిమజ నవ్వాపుకోలేక నీళ్ళు తాగింది. మావారు ముల్లు తీసుకుంటూ తల వంచుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"వినండి," అన్నాను. "రేపు పొద్దున్న వెళ్ళి రాసిచ్చేస్తున్నాను."

"ఏమని?" అన్నారు మావారు.

"తెలియలేదని."

"ఎవరికి?"

"నాకు."

ముద్ద కలుపుతున్న చేతులన్నీ ఆగాయి. అత్తయ్య నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ రెండు ముక్కలూ నా నోట ఒకదాని పక్కన ఒకటి రావడం వాళ్ళెవరూ వినలేదు. నేనూ వినలేదు.

"చదివి వినిపించాలి కూడా," అన్నాను. "అందరి ముందూ. పలక తీసేస్తారు. మీ చెల్లెలికి మాత్రం చెప్పకండి."

"పలక పోతే పోయిందిలే అమ్మా, చేప తింటుంది," అంది హిమజ. ఈసారి నవ్వలేదు.

మావారు చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. "ఎన్ని ప్రతులు రాయాలన్నావు?"

"మూడు."

"ఇంకోటి రాయి, నాకు. చేతిరాత నీదేనని తెలిసేలా రాయి. ఫ్రేము కట్టించుకుంటాను."

సరే, నాలుగు ప్రతులు రాస్తానని చెప్పి, ఆయన కంచంలో పెరుగు వేశాను.